లేసు గుడ్డకి చెప్పిన పుక్కిటి పురాణం

ఒక మనిషి కళ్లని ఆవిడకి తెలియకుండా అమ్మేసిన ఘనుణ్ణి నేను. పాలకొల్లు బజారులో మరే బట్టల షావుకారుకీ ఈ కిటుకు తట్టలేదు.

నరసాపురం వైపు నుంచి ఒకావిడ వచ్చేది. ఎగుమతి ఏజెంటు ఇచ్చే దారంతో కూలికి లేసు అల్లేది. తీరిక దొరికితే సొంతంగా అల్లిన టేబులు గుడ్డలు మా కొట్లో పెట్టేది. అవి కదిలేవి కావు. ఓ రోజు పై ఊరి నుంచి మా ఊరి గుడికొచ్చినావిడ ఒకరు సగం ధరకి అడిగారు. "అల్లినావిడకి చూపు తగ్గిపోతోందండి పాపం, ఇక ఇలాంటివి రావు" అన్నాను. పూర్తి ధర ఇచ్చి కొన్నారు. ఇంకేం, వచ్చినవాళ్లందరికీ అదే కథ. నాలుగో బేరానికల్లా ఒక కన్ను పూర్తిగా పోయింది.

"ఎందుకురా ఈ పుక్కిటి పురాణాలు?" అనేవారు నాన్న, గల్లాపెట్టె దగ్గర నుంచి.

మా కొట్లలో ఆ మాట అబద్ధానికి మర్యాద పేరు. ఎవరో అన్నారని మనం అంటాం, మనం అన్నామని ఇంకొకరంటారు, మొదట ఎవరన్నారో అడిగే నాథుడుండడు. పుక్కిట పట్టిన నీళ్లే కదా, ఉమ్మేస్తే పోతాయనుకున్నాను.

కొన్నాళ్లకి ఆవిడ ఖాళీ సంచితో వచ్చింది.

"షావుకారుగారూ, నాకు చూపు పోయిందని ఏజెంటుగారు దారం ఇవ్వనంటున్నారండి. మీ కొట్టుకి నలుగురూ వస్తారు కదా, ఈ మాట ఎవరు పుట్టించారో కాస్త కనుక్కుంటారా?"

"పుక్కిటి పురాణాలమ్మా, పట్టించుకోకండి" అన్నాను. ఆ మాట అలా కూడా పనికొస్తుంది.

"పట్టించుకోకపోతే పొయ్యి వెలగదండి."

నాన్న పేపరు మడిచి నా వైపే చూస్తున్నారు. పుట్టించింది నేనేనని చెప్పేశాను.

ఆవిడ కేకలెయ్యలేదు. "అయితే ఆ ముక్క ఆయనకే చెబుదురుగాని, రండి" అంది.

ఏజెంటు అంతా విని నవ్వాడు. "మీరు మంచివారండి. ఆవిడ మీద జాలితో నేరం మీ నెత్తినేసుకుంటున్నారు. నాకు వేర్వేరు ఊళ్లవాళ్లు చెప్పారు, అందరూ అబద్ధమాడతారా? ఎగుమతి సరుకు, ఒక్క అల్లిక తప్పినా వెనక్కి కొడతారు."

పదిమంది నోళ్లలో పడొచ్చిన నా అబద్ధం ముందు, నా ఒక్కడి నిజం పుక్కిటి పురాణమైంది. ఆవిడ నాకంటే ముందే మెట్లు దిగిపోయింది.

ఆ గుడ్డల మీద మిగిలిన లాభమంతా తీసుకెళ్లి ఇచ్చాను. లెక్కపెట్టుకుని తీసుకుంది. అది ఆవిడ ఒక నెల కూలికి కూడా సరిపోలేదు. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి వెళ్తోంది, రోజంతా ఐసు నీళ్లలో చేతులు. అల్లిక మానేసింది. నేను చెల్లించింది ఒక నెలకి తక్కువ. మిగిలిందంతా ఆవిడే కడుతోంది.