పెద్దమ్మ కార్డు మీద అమ్మ చుట్టిన బీడీలు

హైదరాబాద్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఒక శుక్రవారం మధ్యాహ్నం మాకు డబ్బు గురించి పాఠం పెట్టించారు. కొత్తగా ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లు జీతాన్ని ఎలా దాచుకోవాలి, ఎందులో పెట్టుకోవాలి అని. చెప్పడానికి వచ్చినాయనకు నలగని చొక్కా, చెవికి తగిలించుకున్న మైకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, ఆయనకు మేం నలభై మందిమి దొరికాం. జీతం రాగానే ముందు దాచండి, మిగిలింది ఖర్చు పెట్టండి అన్నాడు. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ పక్కన ఉండాలన్నాడు. మా కథలాపూర్ వైపు ఆరు నెలల ఖర్చు పక్కన ఉన్నవాడిని దొర అంటారని ఆయనకు ఎవరు చెప్పాలి?

చివర్లో, "మీ ఇళ్లలో అందరికంటే ముందు పొదుపు మొదలుపెట్టింది ఎవరు?" అని అడిగాడు. ఒకమ్మాయి తాతగారి బ్యాంకు డిపాజిట్ల గురించి చెప్పింది. ఒకతను వాళ్ల నాన్న కొన్న షేర్ల గురించి చెప్పాడు. నేను చెయ్యెత్తి, "మా అమ్మ. బీడీలు చుడుతుంది. నేను పుట్టకముందు నుంచీ ఆమె కూలిలో పీఎఫ్ కట్ అవుతోంది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. "అసలైన ఇన్వెస్టర్ అంటే ఆమె" అన్నాడాయన. నేను పొంగిపోయాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

అమ్మది సిరిసిల్ల. బాపు పొట్ట చేతపట్టుకుని ఆ ఊరికి పోయి సాంచాల మీద పనికి కుదిరాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. పెళ్లయిన ఏడాదికే సాంచాలు ఆగిపోయాయి. పని లేదు, రోజుకో ఇంటి నుంచి ఎవరో అప్పులకు ఉరేసుకున్నారని కబురు. బాపు భయపడి అమ్మను తన సొంతూరికి, కథలాపూర్ పక్క పల్లెకు తీసుకొచ్చి, అన్నావదినల ఇంట్లో, అంటే మా పెద్దమ్మ వాళ్లింట్లో, వదిలి మస్కట్ పోయాడు. అప్పటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను.

ఏజెంటు డ్రైవర్ పని అన్నాడు, అక్కడ రాళ్లు మోయించారు. నాలుగు నెలలు జీతం ఇవ్వకపోతే బాపు పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే వదిలేసి పారిపోయాడు. అలా కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను మావాళ్లు కల్లివెల్లి అంటారు. కల్లివెల్లి అయినవాడు పంపితే పంపినట్టు, లేకపోతే లేదు. పదకొండేళ్లకు నడుం నొప్పితో, ఒక దుప్పటితో తిరిగొచ్చాడు. అదే నేను బాపును మొదటిసారి చూడటం.

ఆ పదకొండేళ్లూ, ఆ తర్వాత కూడా, ఇల్లు నడిచింది అమ్మ వేళ్ల మీద. ఒళ్లో చేట, అందులో తంబాకు, పక్కన తడిపిన తునికాకు, దారపు ఉండ. రోజుకు వెయ్యి బీడీలు. పెళ్లయినా చావయినా వెయ్యి. నాకు జ్వరమొస్తే నన్ను మోకాలికి ఆనించుకుని చుట్టేది. కోరుట్ల కార్ఖానా వాళ్లు కట్టలు విప్పి చూసి, బాగాలేవని గుప్పెళ్లు గుప్పెళ్లు తీసి పడేసేవాళ్లు. అమ్మ మిగిలినవి కార్డులో రాయించుకుని, పీఎఫ్ పట్టుకోగా ఇచ్చిన కూలి తెచ్చుకునేది. నాకు ఒక మాట తరచూ చెప్పేది.

"కూలి ఇంటికి బిడ్డా, పీఎఫ్ నాకు. చేతి ఏళ్లు పనిచెయ్యనినాడు నీ ముంగట గూడ చెయ్యి చాప."

అందుకే ఆ పాఠం అయిపోయిన సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. ఆమె వేళ్లు అప్పటికే వంకర్లు పోతున్నాయి. ఆమె డబ్బు ఎంతయిందో చూసి, లెక్క చెప్పి, ఇక పని మాన్పించాలని నా ఉద్దేశం.

"అమ్మా, నీ పీఎఫ్ నంబర్ చెప్పు. ఎంతున్నదో చూస్త."

"గిప్పుడు గదెందుకు బిడ్డా? అల్లుడు, నువ్వు తిన్నరా?"

"తిన్నం. కార్డు తీసి నంబర్ చదివించు."

"కార్డు మీ పెద్దమ్మ దగ్గరున్నది."

"నీ కార్డు పెద్దమ్మ దగ్గరెందుకున్నది?"

అమ్మ మెల్లగా, "నాది కాదు బిడ్డా. ఆమెదే" అంది.

తెల్లారి మొదటి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని బీడీలే చుడుతోంది. చెప్పులు విప్పకుండానే అడిగాను. ఆమె చేతులు ఆపకుండా చెప్పింది.

"నేనచ్చిననాడు కార్ఖానల కొత్త కార్డులు ఇస్తలేరు. నా యారాలు, మీ పెద్దమ్మ కార్డు మీద చెయ్యిమన్నరు. మీ పెద్దమ్మకు పిల్లల తోటి చుట్టుడు ఐతలేకుండె. నేను చుట్టిన, ఆమె పేరు మీద రాసుకున్నరు. కూలి నాకే ఇచ్చింది, ఒక్క పైస పట్టుకోలే. పీఎఫ్ గూడ అచ్చినంక నీదే అన్నది."

"అచ్చిందా?"

"పోయినేడు ఆమెకు యాభై ఎనిమిది నిండినయి. అచ్చినయి."

"నీకిచ్చిందా?"

"ఆమె కొడుకుకు దుబాయ్ వీస అచ్చింది. ఏజెంటుకు కట్టాలె అని ఏడ్సింది. ఎట్ల కాదందు? ఇంట్లకే గద పోయేది."

ఇరవై ఏడేళ్లు. ఒక మనిషి ఇరవై ఏడేళ్లు రోజుకు వెయ్యి చొప్పున చుట్టిన బీడీల పీఎఫ్ ఒక ఏజెంటు జేబులోకి పోయింది. నెల నెలా వచ్చే బీడీ పింఛను కూడా పెద్దమ్మకే, ఎందుకంటే కాగితం ప్రకారం చుట్టింది ఆమె. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సోకు కూడా లేదు. ఆ కొడుకు దుబాయ్‌లో మూడు నెలలుగా జీతం లేకుండా క్యాంపులో పడున్నాడట.

అప్పుడు తట్టింది నాకు. "మరి పెద్దమ్మ కార్డు బంద్ అయింది గద. నువ్విప్పుడు ఎవరి కార్డు మీద చుడుతున్నవ్?"

"ఆమె కోడలు కార్డు మీద" అంది అమ్మ.

నేను ఆ చేటను లాగి వాకిట్లోకి విసిరాను. తంబాకు, ఆకులు, చుట్టిన బీడీలు, అన్నీ చెల్లాచెదురయ్యాయి. నన్ను పెంచిన చేట అది. అమ్మ లేచి ఒక్కొక్క బీడీ ఏరుకుంది. నేను సాయం చేయలేదు. సిగ్గుపడాల్సిన పని చేశానని అప్పుడు తెలియలేదు, అంత కోపంలో ఉన్నాను.

ఆటో మాట్లాడి అమ్మను బలవంతంగా కోరుట్ల కార్ఖానాకు తీసుకెళ్లాను. గుమాస్తా అమ్మను గుర్తుపట్టాడు. పేరు పెట్టి పిలిచాడు, మోకాళ్లు ఎట్లున్నయి అని అడిగాడు. పనిచేసింది ఈ మనిషేనని అతనికి తెలుసు! నేను సంగతంతా చెప్పి, ఈ ఇరవై ఏడేళ్ల పని ఎవరిదో రాసివ్వమన్నాను.

"గట్లెట్ల రాసిస్తమమ్మా? కార్డు ఎవరిదైతే పీఎఫ్ వాళ్లది. బీడీల మీద చుట్టినోళ్ల పేరుంటదా?"

"చుట్టినామె నీ ముంగటనే నిలవడ్డది గద. నువ్వే పేరు వెట్టి పిల్సినవ్ గద."

"నిలవడితె ఏమైతది? నువ్వొక్కదానివే అచ్చినవనుకుంటున్నవా? వాడకు నలుగురున్నరు గిట్ల. యారాలి కార్డు మీద, అత్త కార్డు మీద, సచ్చిపోయిన ఆడివిడ్డ కార్డు మీద గూడ చుట్టెటోళ్లున్నరు. మీ ఇంటి ముచ్చట మీ ఇంట్లనే తెంపుకోండ్రి."

మా ఇంటి ముచ్చటట! ఒక కార్డు వెనక ఎందరు చుట్టినా కార్ఖానా బోనస్, సెలవుల డబ్బు, గ్రాట్యుటీ అన్నీ ఒక్కరికి ఇస్తే సరిపోతుంది. కాగితం మీద రెండో మనిషి లేనే లేదు. కొత్త కార్డులు ఇవ్వం, ఉన్నదాని మీద చెయ్యమని చెప్పింది కార్ఖానా. నమ్మింది మా ఆడవాళ్లు. ఇప్పుడది ఇంటి ముచ్చట అయింది. ఆ మాటలన్నీ గట్టిగానే అన్నాను. గుమాస్తా నీళ్లు తెప్పించాడు. అమ్మ నా కొంగు పట్టి లాగుతూ, "రేపు నా బీడీలు తీస్కోడు బిడ్డా, ఊకో" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, ఏడవలేదు.

తిరిగొచ్చి నేరుగా పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆమె దొంగయితే నా పని సులువయ్యేది. ఆమె నా చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి. నన్ను చూడగానే కుర్చీ వేసి, చాయ పెట్టబోయింది. చాయ వద్దన్నాను.

"నేను దోసుకోలే బిడ్డా. పోరడు జీతం పంపంగనే మీ అమ్మ పైసలు మీ అమ్మకిస్త."

"గదే కాగితం మీద రాసియ్యి పెద్దమ్మా."

"ఇంటోళ్ల నడుమ రాసుడేంది? మీ అమ్మ ఎన్నడన్న నన్ను రాసియ్యిమన్నదా?"

అనలేదు. అదే కదా నా కడుపుమంట. బాపు కూడా అక్కడికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఊకో బిడ్డా. గా పోరడు గక్కడ నా లెక్కనే ఉన్నడు" అన్నాడు. ఎడారిలో పదకొండేళ్లు దాక్కుని బతికిన మనిషికి ఆ పిల్లవాడి మీద జాలి ఉండటం నాకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో కూర్చుని చుట్టిన మనిషి మీద ఒక్కరికీ జాలి లేదు. ఆమె ఎక్కడికీ పోలేదు కదా, అందుకేనేమో.

ఇంటికొచ్చాక నా కోపమంతా అమ్మ మీద పడింది. అమాయకుల మీద అరవడం సులువు.

"నీకు తెలివుండాలె గద అమ్మా! పని నీది, పేరు ఇంకొకలది. ఇంకొకల పేరు మీద పైసలు వెట్టి అవి నాయి అనుకుంటరా ఎవలన్న? ఇరవై ఏడేండ్ల సంది ఒక్కసారన్న అడుగాలె అనిపియ్యలేదా?"

అమ్మ చేటలో ఆకులు సర్దుకుంటోంది. తలెత్తకుండా అడిగింది.

"నువ్వు జగిత్యాలల ప్లాటు కొన్నవ్ గద. గది ఎవల పేరు మీదున్నది?"

ఆ ప్లాటు కోసం నా జీతంలోంచి రెండేళ్లుగా బ్యాంకు వాయిదా పోతోంది. రిజిస్ట్రేషన్ నాడు నాకు ఆఫీసులో మీటింగు ఉండింది. ఇద్దరూ రావాల్సిన పని లేదు, ఒక్కరి సంతకం చాలు అన్నాడు మా ఆయన. నాకూ సెలవు మిగిలినట్టయిందని సంతోషించాను.

"నీ అల్లుని పేరు మీద."

"ఫోన్ల నెలనెల ఏందో ఏస్తున్న అంటవ్, పెరుగుతయి అంటవ్. గది?"

ఆమె అడుగుతున్నది మ్యూచువల్ ఫండ్ల గురించి. నేను నెల ఐదో తారీఖున మా ఆయన ఖాతాకు డబ్బు పంపుతాను. అందులోంచి ఆయన తన పేరు మీద వేస్తాడు. ఆయనకు అవన్నీ బాగా తెలుసు. ఆఫీసులో నలభై మందికి వినబడేలా మా అమ్మ పీఎఫ్ గురించి చెప్పినదాన్ని, నా పేరు మీద ఏముందని ఎవరైనా అడిగి ఉంటే జీతం పడే ఖాతా ఒక్కటే చూపించేదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందనేది నాలాంటివాళ్లను చూసే అని ఉంటారు.

"గది గూడ ఆయన పేరు మీదనే. ఇద్దరం ఒకటే గద అమ్మా" అన్నాను.

అమ్మ చేట కింద పెట్టింది. కట్టలు తీసి పడేసినప్పుడు, మస్కట్ నుంచి ఏడాదికేడాది కబురు రానప్పుడు, పీఎఫ్ మొత్తం ఏజెంటుకు పోయినప్పుడు కూడా రాని కోపం ఆమెకు అప్పుడొచ్చింది. నా జబ్బ పట్టుకుంది. వంకర పోయిన ఆ వేళ్లలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"నేను సదువుకోలే. గుమాస్త ఎట్ల చెప్తె గట్ల చేసిన. నీకేమైందే? నేను ఏళ్లరగ్గొట్టుకొని నిన్ను సదివిచ్చింది గిందుకేనా? లే. ఇయ్యాల్నే బస్సెక్కు. ముందుగాల నీది నీ పేరు మీద రాపిచ్చుకో, అటెన్క రా నాకోసం కొట్లాడ!"