చిలక కాలి బొడిపె

మ్యూజియం వెనకగదిలో ముప్పయ్యేళ్ళుగా విరిగిన ఎముకలు అతికించే ఆయన్ని అందరూ జిగురు బాబాయి అంటారు. అతికించడమంటే మాటలు కాదండోయ్! రాతిలోంచి తీసిన పిట్ట ఎముక ముక్క పెసరగింజంత ఉంటుంది. తుమ్మితే ఎగిరిపోతుంది. ఆయన ఊపిరి బిగబట్టి, సన్నకుంచెతో జిగురద్ది, ముక్కకు ముక్క కూర్చేస్తాడు.

అలాంటి మనిషి మూడు రోజులుగా ఒకచోట నిలవలేకపోతున్నాడు.

కారణం పరిశోధకురాలు చెప్పిన శుభవార్తే. ఆయన అతికించిన కాలి ఎముక ఒకటి కోట్ల ఏళ్ళనాటి చిలకదట. చిలకకు రెండు వేళ్ళు ముందుకీ రెండు వెనక్కీ ఉంటాయి కదా, ఈ ఎముక చివర వేలు తగిలే బొడిపె వెనక్కే తిరిగి ఉందట.

"ఇంత పాత చిలక ఎక్కడా దొరకలేదు బాబాయ్! శుక్రవారం సైన్సు పత్రికకి వ్యాసం పంపేస్తున్నా" అని ఆమె గెంతినంత పని చేసింది.

ఆ బొడిపె విడిగా ఊడివచ్చిన ముక్క. దాన్ని అతికించిన వారం బాబాయి కళ్ళజోడు రిపేరులో ఉంది.

"ఏంటండీ, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అంది భార్య గురువారం సాయంత్రం.

"ఆ వారం నీ కళ్ళజోడు పట్టుకెళ్ళా, గుర్తుందా?"

"నా జోడా! అది పెట్టుకుంటే నాకే సూదిలో దారం ఎక్కదు. వెళ్ళి చెప్పేయండి."

"పరువు పోదుటే?"

"తప్పు అచ్చయితే ఆవిడ పరువో?"

మర్నాడు పొద్దున్నే మ్యూజియం తాళం తీయకముందే బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, ఆ చిలక... చిలక కాదేమో" అని జోడు సంగతి మొత్తం కక్కేశాడు.

ఆమె ఆ ఎముకని తెచ్చి బల్లమీద పెట్టింది. జిగురు కరిగించే మందు సీసా ఆయన ముందుకు జరిపింది.

ఒక్క చుక్క పడగానే బొడిపె వదులైంది. జిగురు పోయాక చూస్తే, పాత తీరులో పెడితే వెంట్రుకవాసి సందు. ఇన్నాళ్ళూ ఆ సందుని జిగురే కప్పేసింది. అటు తిప్పి పెట్టాడు. అతుకు కనపడకుండా కూర్చుంది.

"ముందుకే తిరిగింది" అందామె. "చిలక ఎగిరిపోయింది బాబాయ్."

"నన్ను తిట్టమ్మా, మనసు కుదుటపడుతుంది."

"తిట్టడానికి టైమెక్కడిది? ఆ వారం ఇంకెన్ని అతికించావ్?"

బాబాయి అరల వైపు చూశాడు. "పంతొమ్మిది పెట్టెలు."

ఆమె పంపబోయిన వ్యాసాన్ని కంప్యూటర్లో మూసేసి, ఆయన పక్కకి కుర్చీ లాక్కుంది.

"మొదటిది తియ్యి."