వాసన తెలియని నెలలు

నాంపల్లి స్టేషను వెనక వీధిలో కిరాయికి చేరిన నాలుగో ఏట నాకు వారం రోజులు జ్వరం కాసింది. జ్వరం తగ్గింది, జలుబూ తగ్గింది. లేచి వంట మొదలుపెట్టాను. చారులో ఇంగువ పోపు వేస్తే చుయ్‌మన్న చప్పుడు వచ్చింది గాని వాసన రాలేదు. ముక్కు మూసుకుపోయిందేమో అనుకున్నాను. గాలి మాత్రం బాగానే ఆడుతోంది.

మావారు సచివాలయంలో గుమాస్తా. గుంటూరు నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి ఇక్కడికి, ఉద్యోగం ఎటు తీసుకుపోతే అటు వచ్చినవాళ్ళం. ఆయన భోజనానికి కూర్చుని, చారు బాగుందన్నారు. నేనూ తాగి చూశాను. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది, కారం మండింది. అంతే. చారుకీ చింతపండు నీళ్ళకీ తేడా తెలియలేదు.

ఆయనకు చెప్పలేదు. ఇంట్లో వండేదాన్ని నేను. నాకు రుచీ వాసనా పోయాయంటే ఆ తర్వాత ప్రతి ముద్దా అనుమానంగా తింటారేమోనని సిగ్గుపడ్డాను. పాలు విరిగాయేమో చూడడానికి గరిటెడు విడిగా కాచేదాన్ని. నెయ్యి కాగేటప్పుడు చిటపటలు ఎప్పుడు ఆగుతాయా అని వింటూ కూర్చునేదాన్ని. ఒక వింత మాత్రం గమనించాను. ఆయన “ఇవాళ ఇంగువ ఘాటుగా ఉందే” అంటే, రెండు క్షణాలు నాకూ ఆ ఘాటు తగిలినట్టే ఉండేది. మళ్ళీ గిన్నె దగ్గర పెట్టుకుని పీలిస్తే ఏమీ ఉండేది కాదు. ఎన్నేళ్ళుగానో వండిన చారును మనసే తలుచుకుని ముక్కుకు అందించేది కాబోలు.

వంట సంగతి ఎలాగో నెట్టుకొచ్చాను. మా పాప సంగతే కష్టమైంది. దానికప్పుడు ఏడాదిన్నర. ఒళ్ళోకి వచ్చి తల ఆనిస్తే బరువు తెలిసేది, వెచ్చదనం తెలిసేది, వాసన లేదు. ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు ఉండేది. అలా అనిపించినందుకు నామీద నాకే కోపం వచ్చేది.

ఒకనాటి పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్ళాక కాఫీకని స్టవ్ ముందు కూర్చున్నాను. అగ్గిపెట్టె తీశాను. పక్క వాటాలో ఉండే ఆవిడ గుమ్మంలోకి వచ్చి గట్టిగా అంది:

“అగ్గిపుల్ల గీకకు చెల్లె. ఆగు.”

ఆమె నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం. లోపలికి వచ్చి నా చేతిలో పెట్టె తీసుకుంది. స్టవ్ అడుగు కారి కిరసనాయిలు గచ్చు మీద నా చీర అంచు దాకా పాకి ఉంది.

“గ్యాసునూనె వాసన మా ఇంటి దాక వస్తున్నది. నీకు వస్తలేదా?”

లేదని తల ఊపాను. ఆమె నేలంతా తుడిచి, కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమంది. నోట్లో ఒక ముక్క పెట్టింది, తర్వాత ఇంకొకటి.

“ఏంది చెప్పు.”

“రెండూ ఒకటే కదా అక్కా?”

“ఒకటి పచ్చి ఆలుగడ్డ, ఒకటి దోర జామకాయ.”

మూడోసారి ఒక ఆకు పెట్టింది. నాలుక చల్లబడింది. “పుదీనా” అన్నాను. వాసన తెలిసి కాదు, ఆ చల్లదనాన్ని బట్టి.

“ఎన్ని దినాలాయె?”

“రెండు నెలలు.”

“మీ ఆయనకు చెప్పినవా?”

లేదన్నాను. ఆమె నా పక్కన కూర్చుని, “నా ఎడమ చెవి వినపడక పదేండ్లాయె. మా ఇంట్ల ఎవ్వరికి ఎర్క లేదు. దాచుకునేటోళ్ళు ఎట్లుంటరో నాకెర్కనే. గాని చెవి దాచుకుంటే ఇల్లు కాలదు. సాయంత్రం ఆయనకు చెప్పు” అంది.

చెప్పాను. ఆయన కోప్పడలేదు. గచ్చు మీద మరక వంక చాలాసేపు చూశారు. మర్నాడు సెలవు పెట్టి, అబిడ్స్‌లో ఒక డాక్టరు దగ్గరికి రిక్షాలో తీసుకెళ్ళారు. ఉల్లిపాయకు కళ్ళు మండుతున్నాయి, పుదీనా చల్లగా తెలుస్తోంది, మరి వాసన ఏమైందని అడిగాను.

“మంట, చల్లదనం వేరే నరం మోస్తుందమ్మా. అది బాగుంది. వాసన నరం జ్వరంలో దెబ్బతింది. తిరిగి రావచ్చు, రాకనూ పోవచ్చు. నేను మాట ఇవ్వలేను” అన్నాడు డాక్టరు.

ఆనాటి నుంచి రోజూ పొద్దున పాలు, స్టవ్ ఆయన చూసేవారు. మధ్యాహ్నం పక్కింటావిడ ఒకసారి గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చి, “ఫికర్ లేదు” అని వెళ్ళేది.

ఆరో నెలలో మొదటగా తిరిగి వచ్చింది కాఫీ. అదీ కాఫీలా కాదు, కాలిన రబ్బరులా. గ్లాసు దూరంగా పెట్టేశాను, కాని సంతోషంతో మళ్ళీ దగ్గరికి తీసుకుని పీల్చాను. ఆ తర్వాత ఇంగువ, సబ్బు, కొత్త పుస్తకం ఒక్కొక్కటిగా వచ్చాయి. కాఫీ సరైన వాసనకు రావడానికి మరో ఏడాది పట్టింది. పాప తల మళ్ళీ నాకు తెలిసేసరికి దానికి రెండేళ్ళు దాటాయి; పాలవాసన పోయి కొబ్బరినూనె, ఎండ, మట్టి కలిసిన వాసన వచ్చింది. మధ్యలో పోయినదాని గురించి కాస్త ఏడ్చాను. తర్వాత ఈ కొత్తదానికి అలవాటు పడ్డాను.

మల్లెపూలు మాత్రం రాలేదు. ఎండాకాలం సాయంత్రాలు అబిడ్స్ నుంచి వస్తూ ఆయన ఒక మూర తెచ్చేవారు. నాకు తెలియదని తెలిసీ తెచ్చేవారు. జడలో పెట్టుకుని, “ఎలా ఉన్నాయండీ?” అని అడిగేదాన్ని. “ఇవాళ కొంచెం వాడాయి” అనో, “బాగున్నాయి” అనో ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు.