మీటింగు కంటే ముందు మిల్లు

పోయిన వారం జగిత్యాలలో ఆఫీసుకు బయలుదేరుతుంటే, కోరుట్లలో కూతురి దగ్గరున్న మా పెద్దబాపు పోయాడని ఫోన్ వచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు. మహారాష్ట్రలో, భివండీలో మగ్గాల పనికి పోయిన బాపుకు ఎవరు చెప్తారు, చెప్తే వస్తాడా అనే గాబరా పట్టుకుంది. సొంత అన్నతో ఆయన మాట్లాడి ఏళ్లయింది.

సిరిసిల్ల దగ్గర సర్కారుకూ నేతవాళ్లకూ ఉమ్మడిగా ఒక నూలు మిల్లుండేది. బాపు అందులో కార్మికుడు, పెద్దబాపు కార్మికుల తరఫు డైరెక్టర్. మీటింగు రోజు మిగతా డైరెక్టర్లు కారు దిగి నేరుగా ఏసీ గదిలోకి పోయేవారు. ఈయన ముందు షెడ్లన్నీ తిరిగేవాడు. ఆగిన మిషన్ ఎందుకాగిందో అడిగేవాడు, ఎవరైనా సద్ది విప్పితే ఓ ముద్ద తినేవాడు, ఒంటినిండా దూదితో ఆలస్యంగా మీటింగుకు వెళ్లేవాడు. "షెడ్డు సూడకుంట బోర్డుల ఏం మాట్లాడాలె బిడ్డా?" అనేవాడు. నాకెంత గొప్పగా ఉండేదో.

ఆ అలవాటే కొంప ముంచింది. ఒకసారి ఆయన షెడ్డులో ఉండగానే మీటింగు మొదలుపెట్టి, మిల్లును లీజుకిచ్చే తీర్మానం పాస్ చేసేశారు. ఈయన వెళ్లేసరికి చాయ్ తాగుతున్నారు. అరిచాడు, టేబుల్ గుద్దాడు. "టయానికి రావాలె గదా పెద్దమనిషీ" అని నవ్వారట. లీజుకు తీసుకున్నవాడు పాత కార్మికులందరినీ తీసేశాడు.

భివండీ బస్సెక్కి కూర్చుని, కిటికీలోంచి బాపు ఆయన మొహం మీదే అడిగాడు. "నువ్వు బోర్డుల ఉండంగనే మా నౌకరి పాయె. ఇంకెందుకే అన్నా నీకా కుర్చి? ఇడిసిపెట్టు."

"నేను ఇడిసిపెడితే వాళ్లకు అడ్డమెవలుంటరు తమ్మీ?"

బాపు కిటికీ మూసేశాడు.

పెద్దబాపు కుర్చీ వదల్లేదు. అప్పట్నుంచి అందరికంటే ముందే వెళ్లి కూర్చునేవాడు. తీసేసినవాళ్లను వెనక్కి తీసుకున్నాకే మిగతా మాట అని మొండికేసేవాడు. ఒక్కరినీ తీసుకోలేదు. ఇంటికొస్తే అన్నం సహించక వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఆ ఒక్కరోజు షెడ్డుకు పోకుంటే బాగుండేదా? నాకిప్పటికీ తేలడం లేదు. ఆయన మీద కోపం పోలేదు. మా కోసం ఆ గదిలో గొంతు చించుకున్నది ఆయనొక్కడేనన్నదీ మరవలేను.

పెద్దబాపును సిరిసిల్లకు తెచ్చేసరికి బాపు వచ్చాడు. మొహమైనా కడుక్కోకుండా నేరుగా వెళ్లి పాడె కింద భుజం పెట్టాడు. దారిలో కుర్రాళ్లొచ్చి "భుజం నొస్తది కాకా, మేం పడుతం" అన్నా ఇవ్వలేదు. మానేరు ఒడ్డున పాడె దించడానికి మిగతా ముగ్గురూ వంగారు. బాపు వంగలేదు, భుజం మీది కొయ్యను రెండు చేతులా పట్టుకున్నాడు.