అవ్వకు కాలింది, నాకు కాలలేదు

ఆ రోజు కొడకండ్ల బస్టాండు నుంచి మా టెంట్ హౌస్ దాకా ఒక్క చెప్పుతో నడిచి వచ్చాను. రెండు కాళ్లకూ చెప్పులున్నాయనే అనుకుంటున్నాను. ఛాయ్ హోటల్ దగ్గర నలుగురు నవ్వారు. పాలకేంద్రం దగ్గర పదిమంది నవ్వారు. కిరాణం ముందు ఒక పెళ్లి బరాత్ అంత జనం నవ్వారు. మండలంలో మనకున్న పేరు అలాంటిది కదా అని అందరికీ చెయ్యి ఊపుకుంటూ వచ్చాను. దుకాణం మెట్లెక్కుతుంటే నా భార్య సరోజన అడిగింది.

"ఏందయ్యా, రెండో చెప్పు ఏది?"

కిందికి చూసుకున్నాను. ఎడమకాలు బోసిగా ఉంది. అరికాలికి ఒక సోడా మూత అతుక్కుని ఉంది. చెప్పు ఎక్కడ జారిందో, మూత ఎక్కడ గుచ్చుకుందో కాలు నాకు ఒక్క మాటా చెప్పలేదు. నా జబ్బు మొదటి జాడ దొరికిన రోజు అదే.

నా జబ్బు గురించి చెప్పాలంటే ముందు మా నాయినమ్మ ఆరోగ్యం గురించి చెప్పాలి. నాకేమీ సరదా లేదు, కానీ తప్పదు. పేరు లచ్చవ్వ. ఇంటిల్లిపాదీ అవ్వ అంటాం. ఎనభై దాటింది. షుగరు వచ్చి పదేళ్లు దాటింది. అయినా తెల్లారేసరికి వాకిలి ఊడ్చి, ఒకటిన్నర జొన్నరొట్టె తిని, మంచం మీద కాళ్లు చాపుకుని బొంత కుట్టడం మొదలుపెడుతుంది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. నాకు నలభై ఎనిమిది. నేను సూది పట్టుకుంటే దారం ఒక దిక్కు, సూది ఒక దిక్కు, నేను ఒక దిక్కు. మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్లతో గవ్వల ఆట. అందులో అవ్వ చేసే దొంగతనం చూస్తే పోలీసులు కూడా దండం పెడతారు. ఎవరూ ఏమీ అనరు. "పెద్దామె గద" అంటారు. నేనొకసారి అవే గవ్వలు జరిపితే ముగ్గురు నన్ను లేపి అవతలికి పంపించారు.

ఇక ఆమె ప్రయాణాలు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన నాటి నుంచి అవ్వ ఇంట్లో నిలవదు. చిన్న మేనత్త మానుకోటలో ఉంటుంది, పెద్ద మేనత్త రేగొండలో ఉంటుంది. ఆధార్ కార్డు రొండిన దోపుకుని సోమవారం మానుకోట, గురువారం రేగొండ. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఆమెను పేరు పెట్టి పలకరించని కండక్టరమ్మ లేదు. టికెట్ కొన్న నేను కమ్మీ పట్టుకుని వేలాడుతుంటాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టేజీ దగ్గరా ఒక కథ చెబుతుంది.

"గిదే బాట. తరిగొప్పుల నుంచి జనగామ దాక నెత్తిన సీతాఫలాల గంప, సంకల మీ నాయిన. వాడేమో ఏడుసుడు, పండ్లేమో పగులుడు."

బస్సంతా వింటుంది. పోయినేడు అదే కథలో గంప ఒకటే ఉండేది. ఇప్పుడు రెండయ్యాయి. గోరంతలు కొండంతలు చేసే విద్య నా సొంతమనుకుని ఇన్నాళ్లు బతికాను. అందులో కూడా ఆమే ముందుంది.

చెప్పు పోయిన వారానికి జనగామలో షుగరు క్యాంపు పెట్టారు. టెంటు నాదే. నా టెంటు కింద నాకే జబ్బు బయటపడింది. అవ్వ నా ముందు వరుసలో ఉంది. ఆమెకు నూటా ముప్పై. నాకు నాలుగు వందలు దాటింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది.

"రాత్రి ఏం తిన్నవు?"

"ఫంక్షన్ల జర లడ్డు తిన్న మేడం."

"ఎన్ని?"

"లెక్క పెట్టుకునే అలవాటు లేదు మేడం."

ఆమె నవ్వలేదు. అవ్వ భుజం మీద చెయ్యి వేసి, "అవ్వా, నీ కంట్రోల్ నా కంట్రోల్ కన్న మంచిగున్నది" అంది. క్యాంపులో అందరూ అవ్వను చూశారు. నా లోపల ఒక గ్యాస్ స్టవ్ వెలిగింది.

తర్వాత పాదాల పరీక్ష. సన్నని నైలాన్ దారంతో అరికాలు మీద పొడుస్తారు. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పాలి. అవ్వ పదికి పది చెప్పింది. పైగా "కితకితలైతున్నయి బిడ్డా" అని కిలకిల నవ్వింది. నా వంతు వచ్చింది. పదకొండు తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

"తగిలింది" అన్నాను.

"నేనింకా పెట్టలే" అంది డాక్టరమ్మ.

కాసేపాగి మళ్లీ "ఇప్పుడు తగిలింది" అన్నాను. ఆమె అప్పటికే దారం పెట్టెలో పెట్టేసి రాసుకుంటోంది. "పెరిఫెరల్ న్యూరోపతి. కాళ్లకు స్పర్శ పోయింది. వట్టి కాళ్లతో నడవకు. వేడినీళ్లు, వేడి వస్తువు పాదానికి తగలనియ్యకు. రోజూ అరికాలు చూసుకో." మందులు రాసింది. హెచ్‌బీఏవన్‌సీ చేయించుకోమంది, మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష అది. పదకొండు వచ్చింది. అవ్వకు ఏడు. జీవితంలో ఆమె కంటే నాకు ఎక్కువ వచ్చింది ఆ షుగరు లెక్క ఒక్కటే. దానికీ తిట్లే.

అవ్వకు మోకాళ్ల నొప్పులు. సాయంత్రం సరోజన రొట్టెలు కాల్చే పెంక మీద దొడ్డుప్పు వేయించి, పాత చీరముక్కలో మూటకట్టి ఆమెకు కాపడం పెడుతుంది. మా ఇళ్లలో ఏ నొప్పికైనా ముందు ఉప్పుమూటే, తర్వాతే డాక్టరు. రెండు నిమిషాలు పెట్టగానే అవ్వ కళ్లు మూసుకుని "హమ్మయ్య" అంటుంది. ఆ హమ్మయ్యను నెల రోజులు విన్నాను. నా కాళ్లు ఒకటే తిమ్మిర్లు. నాకెవరూ మూట కట్టలేదు. ఒక సాయంత్రం అవ్వ పక్కనే నేనూ కాళ్లు చాపి కూర్చున్నాను.

"మేడం వేడి వద్దన్నదిగా?" అంది సరోజన.

"ఆమె చెప్పింది నీళ్ల గురించి. ఉప్పు ముచ్చట తియ్యలే."

మూట అవ్వ మోకాలికి తగిలింది. "అబ్బా! సాలు సాలు, తోలు ఊడుతది" అంది. అదే మూట నా పాదానికి పెట్టించుకున్నాను. ఏమీ తెలియలేదు. ఇంకా వేడి చెయ్యమన్నాను. చేసింది. ఇంకా అన్నాను. మూడోసారి సరోజన ఆ మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ తెచ్చింది.

"వద్దురా సోమిగా" అంది అవ్వ. "ఆ పిల్ల చేతులు సూడు, ఎట్ల ఎర్రగైనయో."

"నీ కన్న నేనే గట్టోన్ని, ఒప్పుకో" అన్నాను. ఆ సాయంత్రం అవ్వను ఓడించానన్న సంతోషంలో వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాను. నిప్పుల గుండం తొక్కినవాడు కూడా అంత గర్వపడి ఉండడు.

తెల్లవారి కాలి చిటికెన వేలు పక్కన బత్తాయంత బొబ్బ లేచింది. సరే, నిమ్మకాయంత. చెబితే అవ్వ గెలిచినట్టవుతుందని పసుపు పూసి, సాక్సు తొడిగి దాచేశాను. అవ్వ మానుకోట పోయింది. నేను పెళ్లిళ్ల సీజన్‌లో గుంజలు పాతుతూ తిరిగాను. బొబ్బ పగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదంటే తగ్గినట్టే అని నాకు నేనే డిగ్రీ ఇచ్చుకున్నాను.

పది రోజులకు అవ్వ తిరిగొచ్చింది. గడపలోనే ఆగి ముక్కు మూసుకుంది.

"ఇంట్ల ఎలుక సచ్చిందా?"

అందరం వెతికాం. షామియానాలు విప్పాం, కార్పెట్లు దులిపాం, బియ్యం డబ్బా జరిపాం. అందరికంటే ఎక్కువ నేనే వెతికాను. అవ్వ వాసన చూసుకుంటూ మూలమూలా తిరిగి, చివరికి నా ముందు ఆగింది. కింద కూర్చుని నా సాక్సు లాగింది. వేలు నల్లగా ఉంది.

మధ్యాహ్నానికల్లా వరంగల్‌లో ఒక పెద్ద దవాఖానలో ఉన్నాం. ఎక్స్‌రే, రక్తం పారుతుందో లేదో చూసే డాప్లర్, చీముకు కల్చర్. సర్జన్ సారు గ్లవ్స్ తీస్తూ అడిగారు. "వేలు తీస్తే పాదం మిగుల్తది. వేలు ఉంచుకుంటే పాదం పోతది. రేపటికి మోకాలు కింద దాకా తియ్యాల్సి రావచ్చు. చెప్పు, ఏది కావాలె?"

"రెండూ కావాలె సార్" అన్నాను. కాలు లేకుండా గుంజెట్ల పాతాలి, నిచ్చెనెట్ల ఎక్కాలి, మా ముగ్గురి పొట్ట ఎట్ల నిండాలి? అదే తిరుగుతోంది తలలో.

అవ్వ నా మంచం పక్కకు వచ్చి కూర్చుంది. బస్సులో అన్ని స్టేజీల కథలూ చెప్పిన మనిషి, ఈ కథ మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

"మీ తాతకు గిట్లనే అయిందిరా. పొలం కాడ గాజుపెంకు దిగింది. ఏం తెలుస్తలేదన్నడు. మా ఆయన ఎంత ధైర్యవంతుడని నేను నలుగురికి చెప్పుకున్న. మోకాలు దాక నల్లగైనంక గాలి సోకిందని తాయెత్తు కట్టించినం. ఏడాది తిరగకముందే పోయిండు. ధైర్యం కాదురా అది. షుగరని నాకేం తెలుసు?"

తర్వాత సర్జన్ సారు వైపు తిరిగి, "తియ్యి బిడ్డా. వేలే గద" అంది. కాగితం మీద నేను సంతకం పెడుతుంటే, నా మణికట్టు పట్టుకుంది.

వేలు పోయింది. ఇన్సులిన్ మొదలైంది. నాలుగో రోజు జ్వరం వచ్చింది, గాయంలో మళ్లీ చీము. రెండోసారి, చచ్చిన కండ కోసి తీసే డిబ్రైడ్‌మెంట్ చేశారు. "పాదం నిలుస్తదా సార్?" అని సరోజన అడిగితే, "వారం చూద్దాం" అన్నారు. ఆ వారం ఏడేళ్లంత పొడుగు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు బత్తాయిలు నా మంచం మీద పెట్టి, కుర్చీలు అవ్వ వైపు తిప్పుకుని కూర్చునేవాళ్లు. సిస్టర్లు నాకు ఇంజెక్షన్ ఇచ్చి, బొంత కుట్టడం నేర్చుకోవడానికి ఆమె దగ్గర చేరేవాళ్లు. వేలు తీయించుకున్నది నేను, పలుకుబడి ఆమెది! ఎనిమిదో రోజు జ్వరం తగ్గింది. పాదం నిలిచింది.

ఇంటికొచ్చాక డ్రెస్సింగులు నాలుగు నెలలు నడిచాయి. మధ్యలో బతుకమ్మ వచ్చింది. రేగొండలో ప్రతి ఏడూ పాట ఎత్తేది అవ్వే. ఆ ఏడు పోలేదు. ఫోన్ల మీద ఫోన్లు. "అవ్వ రాకుంటే పాట ఎవ్వలెత్తుతరు?" అని అటునుంచి ఒకటే గోల. నా వేలి సంగతి ఒక్కరూ అడగలేదు. అవ్వ మాత్రం ఫోన్ పెట్టేసి నా పాదం ఒళ్లో పెట్టుకుంది. "పాటకేమున్నది, ఎవ్వలన్న ఎత్తుతరు" అంది. అప్పుడు కుళ్లుకోవడానికి నాకు ఏ కారణమూ దొరక్క చాలా ఇబ్బంది పడ్డాను.

చివరి డ్రెస్సింగ్ రోజు సర్జన్ సారు గాయం మీద వేలుపెట్టి చూశారు. "మూసుకుంది. ఇందుల నీ గొప్పేం లేదు, మీ అవ్వది." అవ్వ పైట సర్దుకుంది. నేను గోడవైపు చూశాను.

ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. షుగరు కాళ్ల కోసం చేసే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, వెనక పట్టీతో. హెచ్‌బీఏవన్‌సీ ఏడున్నర. అవ్వది ఆరున్నర, అడక్కండి. గుంజలు వేరేవాళ్లు పాతుతున్నారు. నేను కుర్చీలో కూర్చుని తప్పులు పడుతున్నాను, అది నాకు బాగా వస్తుంది. అవ్వ మళ్లీ బస్సెక్కింది. కానీ పొద్దునపూట ఇంట్లో ఉంటే నా రెండు పాదాలూ వెలుతురులో పెట్టించి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు వేళ్ల సందుసందూ చూస్తుంది. ఊళ్లో లేని రోజు ఆ పని సరోజన చేస్తుంది.

పోయిన వారం అలాగే చూస్తూ ఆగిపోయింది. నా మడమలో తుమ్మముల్లు ఉంది. ముందురోజు ఎప్పుడో చెప్పులోంచి దిగినట్టుంది. దాని మీదే రోజంతా నడిచాను. అవ్వ సూదితో పక్కన చర్మం జరిపి, ముల్లు పట్టుకుని లాగింది.

"అబ్బా!" అంది.

అరిచింది నేను కాదు. ముల్లు నా కాలిది, అబ్బా ఆమెది. బొటనవేలంత ముల్లు బయటికొస్తుంటే నేను పరాయివాడి కాలు చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. ఆమె చూపు మీద, ఆమె బస్సు మీద, ఆమె గవ్వల మీద ఇన్నాళ్లు కుళ్లుకున్నాను. అవన్నీ పోనీయండి. ఆ అబ్బా ఒక్కటి నాకు వస్తే చాలు. రాదు. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని గ్యారంటీ లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

అందుకే షుగరున్న అన్నలకు, అక్కలకు నేను చెప్పేది ఒక్కటే. మీ పాదం నొప్పి లేదంటే నమ్మకండి. రోజుకొకసారి మీ అరికాళ్లు ఇంట్లో ఎవరికైనా చూపించండి. ఎవరూ లేకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోండి. కాపడం మాత్రం వద్దే వద్దు. సిగ్గుపడకుండా కాలు చాపండి. నేను ఎనభై దాటిన మనిషి ఒళ్లో చాపుతున్నాను.