పిడుగురాయి దొరికిన చోటు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చేనికి సత్తువ తగ్గిందంటే అందరూ పాటిదిబ్బకే బండి కట్టేవాళ్ళు. జమ్మలమడుగుకు ఆరు మైళ్ళ దూరంలో, పెన్న ఒడ్డున ఉండేది మా ఊరు. ఊరికి పడమట ఎప్పుడో ఇంకో ఊరుండి పాడైపోయిందట. దాని మన్ను గుట్టగా మిగిలింది, అదే పాటిదిబ్బ. ఆ మన్ను బూడిద రంగులో మెత్తగా ఉండేది. ఎండాకాలంలో తవ్వి చేలకు తోలితే జొన్న ఏపుగా వచ్చేది. మన్నుతోబాటు కుండపెంకులు, ఎముకలు, పూసలు బయటపడేవి. పెంకుల్ని గట్టు మీదికి విసిరేసేవాళ్ళు. పూసల్ని ఆడపిల్లలం ఏరుకుని దారానికి గుచ్చుకునేవాళ్ళం. అవి ఎవరివని ఏనాడూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక చలికాలం ఆ దిబ్బ పక్కన నాలుగు గుడారాలు లేచాయి. పాతకాలపు ఊళ్ళను తవ్వి చూసే సర్కారు మనుషులు వచ్చారన్నారు. వాళ్ళ పెద్దను మేమంతా 'తవ్వకాల సారు' అనేవాళ్ళం. నలభై ఏళ్ళుంటాయి, కోస్తా వైపు మాట. వాళ్ళు లంకెబిందెల కోసమే వచ్చారని ఊళ్ళో సగం మంది నమ్మకం. కానీ నిధి కోసం తవ్వేవాడు గడ్డపార పట్టుకుంటాడు గానీ, తాపీ, కుంచె పట్టుకుని కూచుంటాడా? సారు మేకులు పాతి, తాడు కట్టి, నేలను గళ్ళుగా విడదీశాడు. ఒక్కో గడిలో బెత్తెడు బెత్తెడు మన్ను గీకి, జల్లెడ పట్టించేవాడు. పెంకు కనిపిస్తే టేపు పెట్టి లోతు కొలిచి, చీటీ రాసి, దాన్ని గుడ్డసంచిలో వేయించేవాడు. మేము గట్టు మీదికి విసిరేసే పెంకులే అవి. మా నాయన ఒకరోజు పొలం నుంచి వస్తూ ఆగి చూసి, "ఏందప్పా, ఇట్ల గీకుతాంటే మోకాటి లోతు దిగేలోపల నీకు మనవళ్ళు పుడ్తారు గదా" అన్నాడు. సారు నవ్వాడు గానీ తాపీ ఆపలేదు.

పిల్లల్ని ఆయన తరిమేవాడు కాదు. ఒక్కటే షరతు పెట్టాడు. ఏది కనిపించినా ముట్టుకోకూడదు, ఉన్నచోటే ఉంచి తనను పిలవాలి. మా పక్కింటి అక్క ఒకరోజు దిబ్బ వాలులో ఎర్రపూస చూసి, ముట్టకుండా సారును పిలుచుకొచ్చింది. ఆయన ఆ చోటును కొలుచుకుని, అట్టపుస్తకంలో రాసుకుని, పక్కన అక్క పేరు కూడా రాశాడు. ఇక ఆమెకు నేల మీద కాలు నిలిస్తే ఒట్టు. సర్కారు పుస్తకంలో తన పేరెక్కిందని వీధివీధికీ చెప్పుకుంది. నాకు కడుపు మండింది. వారం రోజులు దిబ్బంతా కళ్ళు చించుకుని వెతికాను. నా మొహానికి మంచి పెంకు కూడా దొరకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మా ఇంట్లోని పిడుగురాయి. మా నాయన తల్లిని మేము జేజి అంటాం. ఆమె కొయ్యపెట్టెలో, పసుపుగుడ్డలో చుట్టి, అరచేతిలో పట్టేంత నల్లరాయి ఒకటి దాచి ఉంచింది. నున్నగా ఉండేది. ఒక కొస మొద్దుగా, ఇంకో కొస వెడల్పుగా, పదునుగా. పిడుగుతోబాటు ఆకాశం నుంచి పడిందని జేజి నమ్మకం. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా, ఆ రాయిని గంధం తీసే సాన మీద రెండు చుట్లు అరగదీసి ఆ నీళ్ళు తాగించేది. మా నాయన, మా మేనత్త, నేను, అందరం ఆ నీళ్ళ మీదే భూమ్మీద పడ్డామని ఆమె లెక్క. ఆ రోజుల్లోనే మా మేనత్త తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెల నిండటానికి ఇంకా ఇరవై రోజులున్నాయని అనుకుంటుండగా విన్నాను. అంతవరకూ పెట్టె ఎవరు తెరుస్తారు? రాయి తీసి, పసుపుగుడ్డలో పెన్న ఇసుకలో ఏరిన గుండ్రాయి ఒకటి పెట్టి చుట్టేశాను. పిడుగురాయిని బూడిదతో తోమి, కడిగి, సారు దగ్గరికి తీసుకుపోయి, మా చేని గట్టు కింద దొరికిందని చెప్పాను.

ఆయన ఆ రాయిని చేతిలో తిప్పితిప్పి చాలాసేపు చూశాడు. ఎంత లోతులో దొరికింది పాపా అన్నాడు. జానెడు అన్నాను. పైన ఏ మన్ను ఉందన్నాడు. నల్లరేగడి అన్నాను. పక్కన పెంకులున్నాయా అంటే రెండున్నాయన్నాను. ఒక అబద్ధం ఆడినవాడు దాన్ని నిలబెట్టడానికి ఇంకో పది ఆడాలంటారు. నాకు ఆ పదీ నోటికి సులువుగానే వచ్చాయి.

మధ్యాహ్నం కూలీలు అన్నాలకు కూచున్నప్పుడు ఆయన తన అన్నం మానుకుని, మేకులూ తాడూ పట్టుకుని నాతోబాటు చేనికి వచ్చాడు. నేను చూపించిన చోట తాడు కట్టి, మోకాళ్ళ మీద కూచుని గీకటం మొదలుపెట్టాడు. నా చేతికి జల్లెడ ఇచ్చాడు. ఎండ నెత్తిమీద ఉంది. మూరెడు లోతు దిగేసరికి రెండు తుంగగడ్డలు, ఒక రోకలిబండ పురుగు తప్ప ఏమీ రాలేదు. ఆయనకు చెమటలు కారుతుంటే, లేని దానికోసం నేనే ఆయన్ను తవ్విస్తున్నానని తెలిసి కూడా నోరు మెదపలేదు. చివరికి ఆయన టేపు పెట్టి లోతు కొలిచి, అట్టపుస్తకం తీసి రాసి, చదవమని నా చేతికిచ్చాడు. చేని గట్టు, మూరెడు లోతు, ఏమీ దొరకలేదు, అని ఉంది. చోటు చూపించినది అని రాసి, నా పేరు రాసి ఉంది. వారం రోజులు నేను దేనికోసం తపించానో అది కళ్ళెదుట ఉంటే, నాకు ఏడుపొచ్చింది. ఇంకేమైనా గుర్తొస్తే వచ్చి చెప్పమని ఆయన గుంత పూడ్చేసి, రాయిని రుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు తెల్లవారేసరికి మా అత్తకు నొప్పులు మొదలయ్యాయి. ముందే వచ్చిన నొప్పులని మంత్రసాని భయపడి, జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. నాయన బండికి ఎద్దుల్ని కట్టి, గడ్డి పరిచి, పైన బొంత వేశాడు. అత్తను లేపి గడప దాకా నడిపించారు. జేజి పెట్టె తెరిచి పసుపుగుడ్డ విప్పింది. అందులో పెన్న గుండ్రాయి.

ఎవరో తీశారన్న ఆలోచన ఆమెకు రానేలేదు. ఆ రాయిని ముట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ ఉండదని ఆమెకు తెలుసు. అందుకే రాయే రూపు మార్చుకుందనుకుంది. గుండ్రాయిని పట్టుకుని నట్టింట్లో కూలబడిపోయింది. "రాయి మారిపాయ. అమ్మవారు మనింట్ల నుంచి ల్యాచిపాయరా. ఇంక బిడ్డను గడప దాటనీను" అని అడ్డం కూచుంది. నాయన బతిమాలాడు, తిట్టాడు, ఎద్దులు కాలు దువ్వుతున్నాయన్నాడు. ఆమె కదల్లేదు. అత్త గోడకు ఆనుకుని పళ్ళు బిగపట్టి మూలుగుతోంది. నేను గాదె పక్కన నిలబడి అంతా చూశాను. చెప్తే చంపేస్తారన్న భయమొకటి, చెప్పకపోతే అత్త చచ్చిపోతుందన్న భయమొకటి. రెండో భయం మొదటిదాన్ని గెలవడానికి చాలాసేపే పట్టింది. పొద్దు చింతచెట్టు పైకెక్కేదాకా అట్లాగే నిలబడ్డాను. అప్పుడు గుడారాల వైపు పరుగెత్తాను.

ఎగశ్వాసతో నేను చెప్పేది వింటూనే సారు చొక్కా జేబులోంచి రుమాలు మూట తీశాడు. రాయి అందులోనే ఉంది. మిగతా వస్తువులన్నిటి మీదా తెల్లసిరాతో అంకెలు వేసేవాళ్ళు, దాని మీద వేయలేదు. మా ఇంటి వైపు పెద్ద పెద్ద అంగలు వేస్తూనే, దాని సన్నగుంటల్లో పసుపు కనిపించిందనీ, గట్టు కింది రాయికి పసుపు ఎవరు పూస్తారనీ అన్నాడు. మరి తెలిసి కూడా ఎందుకు తవ్వారని అడిగాను.

"నువ్వు చెప్పావు కదా. ఎవరైనా ఒక చోటు చూపిస్తే, చూడకుండా లేదనడానికి నాకు హక్కు లేదు" అన్నాడు.

వాకిట్లో ఆగి, రాయి నా చేతిలో పెట్టాడు. నేనే ఇవ్వాలని ఆయన అనలేదు. ఆయన చెప్పులు విడవకుండా అక్కడే నిలబడిపోయేసరికి నాకే అర్థమైంది. లోపలికి పోయి, "నేనే ఎత్తుకపోయినా జేజీ. ఆ గుండ్రాయి పెట్టింది నేనే" అన్నాను. జేజి నన్ను ఒక్క దెబ్బ కొట్టింది, చెవి గుయ్యిమంది. ఇంకో దెబ్బకు ఆమెకు తీరిక లేకపోయింది. సాన మీద రాయిని రెండు చుట్లు తిప్పి, ఆ నీళ్ళు అత్త నోట్లో పోసి, "ఇంక తోలుకోపో" అంది నాయనతో.

మధ్యాహ్నం దాటాక ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకు చుట్టుకుని ఉందట. పుట్టాక చాలాసేపు ఏడవలేదట. ఇంకాస్త ముందే తేవాల్సింది కదా అని డాక్టరమ్మ నాయనను కోప్పడిందట. ఆ మాట నాయన ఇంటికొచ్చి చెప్పాడు, నా వైపు మాత్రం చూడలేదు. ఆయన ఆ రోజు నన్ను కొట్టి ఉంటే బాగుండేదని ఈనాటికీ అనిపిస్తుంది.

పది రోజుల తర్వాత జేజే సారును పిలిపించి, అరుగు మీద కూచోబెట్టి మజ్జిగ ఇచ్చింది. రాయిని మళ్ళీ చూస్తానంటే ఇచ్చింది. అది పిడుగు కాదనీ, ఇనుము ఎరగని కాలంలో దిబ్బ మీద బతికినవాళ్ళ లాంటి వాళ్ళు నూరి చేసుకున్న గొడ్డలి అనీ ఆయన మెల్లగా చెప్పాడు.

"గొడ్డలైతే గొడ్డలే. నాకిచ్చింది మా అత్త. ఆమెకు యాడ దొరికిందో నాకు తెల్దు నాయనా. తెల్దనే రాసుకో" అంది జేజి.

ఆయన రాయిని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకుని, కింద 'దొరికిన చోటు తెలియదు' అని రాసుకున్నాడు. రాయిని రెండు చేతులా తిరిగి ఇచ్చేశాడు. పోతూ పోతూ నాతో ఒక మాట అన్నాడు. నీ గట్టును నేను నమ్మి ఉంటే, నా తర్వాత వచ్చేవాళ్ళు లేని ఊరిని అక్కడ వెతికేవాళ్ళు, మీ జేజి మాట వల్ల ఎవరూ దారి తప్పరు, అని. ఆయన గొంతులో కోపం లేదు.

ఎండాకాలం రాకముందే గుడారాలు ఎత్తేశారు. ఆ ఏడు మా నాయన పాటిదిబ్బకు బండి కట్టలేదు. మరుసటేడు కట్టాడు, చేనికి సత్తువ కావాలి కదా. నేను పెద్దయ్యాక ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. తెలియనిది అడిగితే తెలియదనే చెప్పేదాన్ని. ఈ టీచరమ్మకు ఏమీ రాదని కొందరు తల్లిదండ్రులు అనుకున్నారు, అననీ అనుకున్నాను.

ఆ రోజు పుట్టిన పిల్ల, నా మరదలు, ఇప్పుడు పులివెందులలో ఉంటుంది. ఆమెకూ మనవరాళ్ళున్నారు. తన పుట్టుక గురించి ఇంట్లో తలా ఒకటి చెప్పేవాళ్ళు. రాయి కాపాడిందని జేజి, ఎద్దులు కాపాడాయని నాయన, డాక్టరమ్మ కాపాడిందని వాళ్ళమ్మ. ఆలస్యం ఎందుకైందో మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు. నన్ను కాపాడటానికే చెప్పలేదని నాకు తెలుసు. వాళ్ళంతా పోయాక ఒకరోజు ఆమె నా పక్కన కూచుని, నా చేయి పట్టుకుని, "నువ్వయితే కండ్లారా చూసినావు గదా వదినా, నన్ను నిజంగా కాపాడిందేంది?" అని అడిగింది.

కాపాడిందేదో నాకు తెలియదన్నాను. పొద్దున్నే కదలాల్సిన బండిని పొద్దెక్కేదాకా నిలబెట్టింది మాత్రం నేనేనని చెప్పి, ఆ గుండ్రాయి సంగతి అంతా చెప్పాను. ఆమె నా చేయి వదిలేసింది. చాలాసేపు వీధిలోకి చూస్తూ కూచుంది. తర్వాత మళ్ళీ చేయి పట్టుకుంది.