మా చిన్నాయన వినని గొంతు

శనివారం పొద్దున మా చిన్నమ్మ పోయింది. గుండెపోటు అన్నారు. తిరువళ్లూరులో నేను ఆఫీసుకని టిఫిన్ డబ్బా కట్టుకుంటుంటే ఫోన్ వచ్చింది. విన్నాక కూడా డబ్బాకు మూత పెట్టి, సంచీలో సర్దుకుని, ఆ సంచీతోనే తిరుత్తణి రైలెక్కాను. రైల్లో ఎవరో కొంచెం జరగమంటే జరిగాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పటికీ రాలేదు. వస్తుందిలే అని అందరూ అంటున్నారు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. మా వైపు ఆమె గొంతు తెలియనివాళ్లు తక్కువ. చెన్నై ఎఫ్.ఎం.లో పాటల కార్యక్రమం నడిపేది. మధ్యలో కొన్నేళ్లు టీవీలో వంటల కార్యక్రమం చేసి మళ్లీ రేడియోకే వచ్చేసింది. అంతా తమిళంలోనే. ఇంట్లో మాత్రం మా తెలుగు. ఆమెను రోజూ విన్నవాళ్లలో చాలామంది ఈ అక్షరాలు చదవలేరు. మా తమ్ముడే చదవలేడు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఆమె నన్ను తిట్టినా ముద్దు చేసినా ఈ మాటల్లోనే.

పొద్దున్నే చెవులకు మఫ్లర్ చుట్టుకుని లోకల్ ట్రైన్ ఎక్కేది. దారిలో పలకరిస్తే చిరునవ్వే తప్ప మాట ఉండేది కాదు. గొంతు దాచుకోవాలట. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ గొంతు అరిగిపోయి ఉండేది. అన్నం చాలని చెయ్యి అడ్డం పెట్టేది, కూర బాగుందని తల ఊపేది. వాళ్ల అత్తగారిని మేం అవ్వ అంటాం. అవ్వ ఊరుకునే మనిషి కాదు.

"ఊరికంతా మాటలు, మాకు సైగలు. బాగుందే నీ యవ్వారం" అని దెప్పేది.

"మాటలకైతే జీతమిస్తారత్తా. సైగలు మీకు ఓసీ, ఊరికే గదా" అని గుసగుసగా అనేది చిన్నమ్మ.

పని విషయంలో ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో షిఫ్టు దిగిన మనిషో, మింజూరు నుంచి కొత్త కోడలో పాట అడగడానికి ఫోన్ చేస్తే, ముందు పేరు సరిగ్గా పలకడం నేర్చుకునేది. ఫోన్ మాత్రం ఎప్పుడూ తాను ముందు పెట్టేది కాదు. ఒకసారి కారణం అడిగాను.

"వాళ్లు పెట్టేసినాకనే మనం పెట్టాల. ముందు మనం పెట్టేస్తే మొగం మీద తలుపేసినట్టుంటాది" అన్నది.

టీవీలో ఉన్న రోజుల్లో ఆమెకు చీరలు ఒక బట్టల షాపు నుంచి వచ్చేవి, షూటింగ్ కాగానే తిరిగి వెళ్లిపోయేవి. మడత నలుగుతుందని మధ్యలో కూర్చోనిచ్చేవాళ్లు కాదు. నిలబడే వండించి, నిలబడే రుచి చూసి, కళ్లు మూసుకుని ఆహా అనాలి. ఇంట్లో మా అమ్మ చేసిన పులుసు ఎలా ఉందని అడిగితే మాత్రం, "నన్నడగద్దక్కా. ఉప్పు లేకపోయినా ఆహా అనే నోరిది" అనేది. కొన్నాళ్లకు ఆ కార్యక్రమం వయసులో చిన్న అమ్మాయికి ఇచ్చారు. చిన్నమ్మ మర్నాడే రేడియో స్టేషన్‌కు ఫోన్ చేసింది.

ఇక చిన్నాయన సంగతి. తిరుత్తణి బజార్లో ఆయనకు స్టీలు పాత్రల అంగడి ఉంది. చిన్నమ్మ రేడియోలో చేరిన కొత్తలో ఆయన అంగట్లో రేడియో పెట్టుకుని విన్నాడు. ఆమె ఇంటికి రాగానే, బాగా మాట్లాడినావు గానీ ఒక చోట తొందరపడినావు అన్నాడు. అంతే. మర్నాడు మైకు ముందు చిన్నమ్మకు గల్లాపెట్టె దగ్గర కూర్చుని వింటున్న ఆయనే కనబడుతున్నాడట. మాట తడబడింది. పాట పేరు మరిచిపోయింది.

ఇంటికొచ్చి, "నువ్వు వింటా ఉన్నావని తెలిస్తే నాకు మాట రాదు. నువ్వు వినొద్దు" అన్నది.

"సరే" అన్నాడు ఆయన.

ఆ సరేను ఆయన ఇన్నేళ్లూ నిలబెట్టుకున్నాడు. ఆమె కార్యక్రమం వేళకు అంగట్లో రేడియో కట్టేసేవాడు. పక్క అంగడి రేడియో వినబడుతుందని సరిగ్గా అప్పుడే గిన్నెలు దించి, తుడిచి, మళ్లీ దబదబా పేర్చేవాడు. మొగుడూ పెళ్లాలకు పడదు కాబోలని బజార్లో అనుకునేవాళ్లు. టీవీ కార్యక్రమాన్ని మాత్రం వారం వారం చూసేవాడు, సౌండు మొత్తం తీసేసి. మేం పగలబడి నవ్వేవాళ్లం. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆ మొదటి రోజులు పోతే, పనిలో ఉన్న చిన్నమ్మ గొంతు ఎలా ఉంటుందో మా జిల్లాలో తెలియనిది ఆయన ఒక్కడికే.

శనివారం సాయంత్రమే అన్నీ అయిపోయాయి. వాళ్లకు పిల్లలు లేరు. కొరివి పెట్టింది చిన్నాయనే. ఆదివారం పొద్దున రేడియో స్టేషన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. చిన్నమ్మతో పనిచేసిన అమ్మాయి. ఏడుస్తూ తమిళంలో చెప్పింది. ఆ మధ్యాహ్నం రావాల్సిన కార్యక్రమాన్ని చిన్నమ్మ శుక్రవారమే ఫోన్లతో సహా రికార్డు చేసి పెట్టింది. ఇంట్లోవాళ్లు సరేనంటే వేస్తారు, వద్దంటే పాటలు వేసుకుంటారు.

చిన్నాయన గోడవైపు తిరిగి చాప మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి చెప్పాను.

"అది చేసి పెట్టిన పని. వద్దనేదానికి నేనెవురు? వెయ్యమను" అన్నాడు.

అవ్వ లోపలి నుంచి వింటూనే ఉంది. "వేస్తే వేసుకోనీ. మనింట్లో మాత్రం పెట్టద్దు. కర్మ అయ్యేదాకా రేడియో గీడియో మోగగూడదు" అన్నది. మా ఇళ్లలో అది కట్టడి. కొరివి పెట్టిన మనిషి గడప దాటకూడదనేదీ అంతే.

మధ్యాహ్నం వేళ దగ్గరపడింది. నా ఫోను, ఇయర్‌ఫోన్స్ ఆయన ముందు పెట్టాను. ఎవరికీ వినబడదని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "అమ్మ ఇంట్లో వద్దనింది గదా" అన్నాడు. కాసేపటికి ఉన్నట్టుండి నావైపు తిరిగాడు.

"శుక్రవారమే చేసేసింది అన్నావే?"

"ఔ చిన్నాయనా."

"అట్లయితే ఇప్పుడు నేను విన్నా అది తడబడదు గదా?"

తడబడదన్నాను. ఆయన తుండు భుజాన వేసుకుని లేచాడు. అవ్వ గడప దగ్గరే కూర్చుని ఉంది. కాళ్లు పక్కకు తీసుకుని, మొహం అటు తిప్పుకుని, "నేను చూళ్లేదు, పో" అన్నది.

చెప్పుల్లేకుండా నడిచాడు. వెనకే నేను. వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం ప్రతి ఇంట్లో ఏదో ఒకటి మోగే వీధి అది. చిన్నమ్మ పోయిందని మర్యాదకు అందరూ టీవీలూ రేడియోలూ కట్టేశారు. ఆమె మీది గౌరవంతో ఆమెనే కట్టేశారు. ఆయన ఒక్కో కిటికీ దగ్గరా కొంచెం ఆగి, వినబడక, ముందుకు కదులుతున్నాడు. అడుగుదామా అంటే వద్దన్నాడు.

స్టేషన్ రోడ్డు మలుపులో ఒక ఆటో నిలబడి ఉంది. అందులో నుంచి, గరగరల మధ్య, చిన్నమ్మ గొంతు. ఎవరో ముసలాయన ఫోన్లో పాట అడుగుతున్నాడు. డ్రైవరు ఆ వీధివాడు కాడు. తెల్లపంచె, వట్టి కాళ్లు, మాసిన మొహం చూసి, చావింటి మనిషని గుర్తుపట్టి, మర్యాదగా రేడియో మీదికి చెయ్యి చాపాడు.

"ఇరుక్కట్టుం పా, అణైక్కాదే" అన్నాడు చిన్నాయన. ఉండనీ, ఆపొద్దని.

ముసలాయన ఏదో చతురు విసిరాడు. చిన్నమ్మ నవ్వింది. గొంతు విప్పి, ఊపిరి అందక, మధ్యలో మాట్లాడబోయి, మళ్లీ నవ్వింది. చిన్నాయన నావైపు చూశాడు.

"ఇట్ల నవ్వతాదా మీ చిన్నమ్మ?"

"రోజూ, చిన్నాయనా" అన్నాను.

ఆయన ఆటో కమ్మీ పట్టుకుని తల లోపలికి వంచాడు. డ్రైవరు జరిగి చోటిచ్చినా కూర్చోలేదు. ఇదిగో మీ పాట, అన్నది చిన్నమ్మ. పాట మొదలైంది. అది ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తూ ఆయన ఎండలో అలాగే నిలబడ్డాడు.